జిల్లా సగటులో కనిపించని జబ్బులు

రెడ్డిగూడానికి ఎ.కొండూరు పరాయి దేశం కాదు, పొరుగు మండలమే. అవే గుట్టలు, అవే ఎర్ర నేలలు, అవే మామిడి తోటలు. అయినా ఈనాడు ఎ.కొండూరు తండాల పేరు చెప్పగానే ఎవరికీ మామిడి గుర్తుకు రాదు. మూత్రపిండాల వ్యాధి గుర్తుకు వస్తుంది. కాళ్ళూ మొగమూ వాచి, అన్నం సయించక, నీరసంతో ఆసుపత్రికి పోతే కిడ్నీలు రెండూ చెడిపోయినవని చెప్పించుకొని తిరిగివచ్చినవారు ఆ తండాలలో ఒకరిద్దరు కారు. కూలి చేస్తేగాని పూటగడవని మనిషి వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్‌కు పోవాలంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. చికిత్స ఉచితమే కావచ్చు. ఆనాటి కూలి పోతుంది, వెంట వెళ్ళినవారి కూలీ పోతుంది.

ఆ తండాలకు కృష్ణా నీటిని పైపుల ద్వారా తెచ్చే పథకం ప్రభుత్వం చేపట్టింది. మంచిదే. అయితే చుట్టుపక్కల మండలాలవారు "అది వాళ్ళ ఊరి జబ్బులే" అని ఊరుకుంటే అంతకు మించిన పొరపాటు ఉండదు. జబ్బుకు మండలపు సరిహద్దు రాయి తెలియదు. దానికి తెలిసింది నేల, నీరు, ఎండ, తిండి, చేసే పని. ఈ ఐదూ ఎక్కడ కలిస్తే అక్కడ అది కాపురం పెడుతుంది.

ఈ సంగతి పెద్దలకు తెలియనిది కాదు. డెల్టాకు బోదకాలు, మన్యానికి చలిజ్వరం, మెట్టకు గారపళ్ళు అని వెనకటినుంచీ చెప్పుకుంటూనే ఉన్నారు. పిల్లనిచ్చే ముందు ఆ ఊరి నీళ్ళు ఎట్లాంటివని అడగడం ఇప్పటికీ కొన్ని ఇళ్ళలో ఉంది. అది ఛాదస్తం కాదు. డెల్టాలో నేల బల్లపరుపు, మురుగు పారదు. నిలిచిన మురుగులో పెరిగే దోమ బోదకాలును మోస్తుంది. కొండ వాగుల వెంబడి పెరిగే దోమ జాతి వేరు, అది మోసేది మలేరియాను. మలేరియాకు దోమే వాహనమని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనుగొన్నది ఇక్కడికి దగ్గరలోనే, సికిందరాబాదులో. అంతవరకు చెడ్డ గాలి వల్ల జ్వరం వస్తుందనే అనుకున్నారు. ఊరు చెప్పినది నిజమే, కారణమే తప్పు.

మెట్ట కథ వేరు. బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట 1855లో పూర్తయింది. అప్పటినుంచీ కింది తాలూకాలవారు కాలువ నీరు చెరువులకు పెట్టుకొని తాగుతున్నారు. ఆనకట్టకు ఎగువన ఉన్న మెట్ట గ్రామాలకు నది కంటికి కనిపించినా నోటికి అందలేదు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువ జగ్గయ్యపేట, నందిగామ వైపు పొలాలను తడిపింది. దాని చివరి భాగాల ఆయకట్టు పరిస్థితి ఏమిటో రైతులకు ఒకరు చెప్పనక్కరలేదు. పొలానికే నమ్మకం లేని నీరు బిందెకు ఎట్లా వస్తుంది? అందువల్ల మెట్ట మనిషి తాగినది రాతి నీరు. తొలుత బావి, తరువాత చేతిపంపు, ఆ తరువాత లోతు బోరు.

రాతి నీరు అన్నది మాటవరసకు అన్నది కాదు. వాన నీరు భూమిలోకి ఇంకి రాతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలుస్తుంది. నిలిచినంతకాలం రాతిలోని ఖనిజాలను కొద్దికొద్దిగా కరిగించుకుంటుంది. గ్రానైటు వంటి గట్టి రాళ్ళలో ఫ్లోరైడు ఉంటుంది. నీటిలో సున్నపు గుణం, అంటే కాల్షియం, తక్కువై చవుడు గుణం ఎక్కువైనకొద్దీ ఆ ఫ్లోరైడు మరింతగా నీటిలోకి దిగుతుంది. పై బావి నీరు ఏటా వానకు మారుతుంది. ఎన్నో వందల అడుగుల లోతున దొరికే నీరు ముసలి నీరు, రాతితో ఎక్కువకాలం కాపురం చేసిన నీరు. కాబట్టే ఒకే ఊళ్ళో రామాలయం దగ్గరి బోరు బాగుండి, బడి దగ్గరి బోరు చెడ్డది కావడం సాధ్యం. "మా ఊరి నీళ్ళు మంచివే" అన్న మాటకు అర్థం లేదు. ఏ బోరు అని అడగాలి.

లీటరు నీటిలో ఫ్లోరైడు ఒక మిల్లీగ్రాము వరకు ఫరవాలేదు. వేరే దారి లేనప్పుడు ఒకటిన్నర వరకు ఒప్పుకుంటారు. ఆపైన తాగుతూపోతే మొదట పట్టుబడేవి పిల్లల పళ్ళు. చిగురు కింద పన్ను తయారయ్యే వయసులో, అంటే ఎనిమిదేళ్ళ లోపు, ఆ నీరు తాగిన పిల్లలకు వచ్చిన శాశ్వత దంతాలపై సుద్ద మచ్చలు, పసుపు, గోధుమ రంగు చారలు కనిపిస్తాయి. వేపపుల్లతో ఎంత తోమినా పోవు. తోమకపోవడం వల్ల వచ్చినవీ కావు. ఆ నీటినే ఏళ్ళ తరబడి తాగితే ఎముకలకు పడుతుంది. మెడ తిరగదు, నడుము వంగదు, కీళ్ళు బిగుసుకుంటాయి. ఎండ దేశం కావడం మరో కష్టం. చల్లని దేశంలో మనిషి తాగే నీటికీ, వైశాఖమాసంలో మామిడి కోతకు పోయిన కూలీ తాగే నీటికీ పోలిక లేదు. నీటిలో మోతాదు ఒకటే అయినా ఒంటిలోకి పోయేది రెండింతలవుతుంది.

కాచి తాగితే పోతుందని కొందరి నమ్మకం. పోదు సరికదా, నీరు ఆవిరైనకొద్దీ ఫ్లోరైడు చిక్కబడుతుంది. క్రిములకు కాచిన నీరు మందు, ఫ్లోరైడుకు కాదు. ఈ ఒక్క సంగతి ప్రతి ఇంటి ఇల్లాలికీ తెలియవలసి ఉంది.

భారతదేశంలో ఈ జబ్బు మొట్టమొదట వైద్య గ్రంథాలకు ఎక్కినది ఆంధ్రదేశం నుంచే. 1937లో అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా ఉత్తరభాగపు పల్లెల గురించి షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు రాశారు. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు 1970లో ప్రకాశం జిల్లాలో చేరాయి. అయితే వైద్యులకంటే ముందే రైతులు కనిపెట్టారు, అదీ మనుషులలో కాదు, ఎద్దులలో. మంచి వయసులో ఉన్న ఎద్దు కీళ్ళు పట్టి నడవలేకపోతుంటే ఆ రైతులకు అనుమానం వచ్చింది. గొడ్డుకు వచ్చిన కష్టాన్ని చూసి మనిషి కష్టం తెలుసుకోవలసిన గతి ఆనాటిది. ఇప్పుడు ఆ అవసరం లేదు, చిన్న కిట్టుతో వీధిలోనే పరీక్ష చేయవచ్చు.

జగ్గయ్యపేటకు అటువైపు సరిహద్దు దాటితే నల్గొండ, సూర్యాపేట పల్లెలు. నల్గొండ పేరు ఫ్లోరైడుతో ముడిపడి ప్రపంచమంతా పాకింది. పటిక, సున్నం, బ్లీచింగు పొడి కలిపి ఫ్లోరైడును అడుగుకు దించే పద్ధతికి నాగపూరులోని 'నీరి' సంస్థవారు నల్గొండ పేరే పెట్టారు. జిల్లాకు ఇంతకంటే విచారకరమైన కీర్తి ఉండదు. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు అక్కడి ఊళ్ళలో కొత్త వికారం ఒకటి చూశారు. ఎదిగే వయసు పిల్లలకు మోకాళ్ళు రెండూ ఒకదానికొకటి రాసుకొని, పాదాలు ఎడమైపోతున్నాయి. ఫ్లోరైడు అంతకుముందూ ఉన్నదే, ఈ వంకర ఎందుకు కొత్తగా వచ్చిందన్నది ప్రశ్న. జొన్న ప్రధానంగా తినేవారిలో ఇది కనిపించింది. ఆ ఊళ్ళ జొన్నలో మాలిబ్డినం అనే లోహం ఎక్కువని తేలింది. అది ఒంటిలోని రాగిని తరిమేస్తుంది. సాగర్ జలాశయం నిండిన తరువాత ఊటనీరు పైకి వచ్చి, నేలలో చవుడు పెరిగి, పైరు ఆ లోహాన్ని ఎక్కువగా పీల్చిందన్న అనుమానం అప్పట్లోనే వెలువడింది. ఆనకట్ట కట్టిన ఇంజనీరుకు పిల్లల మోకాళ్ళతో సంబంధం ఉంటుందని ఎవరనుకుంటారు! నీటి మట్టం మారితే నేల మారుతుంది, నేల మారితే గింజ మారుతుంది. కాలువ వచ్చిన ప్రతిచోటా గమనించవలసిన విషయమిది.

బాగుపడిన కథ కూడా నల్గొండదే. తెలంగాణలో ఫ్లోరైడు నీటితో బాధపడే ఆవాసాలు మిగలలేదని 2020లో కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. నది నీరు నల్లాల ద్వారా వచ్చిన ఫలితమది. వంగిన ఎముక తిరిగి రాదు. కానీ కొత్తగా పుట్టిన బిడ్డ పన్ను తెల్లగా వస్తుంది. అంతకంటే నిదర్శనం ఏం కావాలి?

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. బోరును తిట్టడం ఇప్పుడు తేలిక. బోరు ఎందుకు వచ్చిందో మరిచిపోకూడదు. దిగుడుబావుల నీరు తాగిన కాలంలో నారికురుపు అనే జబ్బు ఉండేది. కాలినుంచి దారంలాంటి పురుగు మూరలకొద్దీ బయటకు వచ్చేది. బావిలో కాళ్ళు పెట్టి నీళ్ళు ముంచుకోవడం మానిపించి, గుడ్డతో వడకట్టించి, చేతిపంపులు వేయించిన మీదట ఆ జబ్బు అంతరించింది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశం నారికురుపునుంచి విముక్తమైందని ప్రకటించింది. ఆ మేలులో బోరుకూ భాగం ఉంది. బంగ్లాదేశ్‌లోనూ ఇదే జరిగింది. చెరువు నీటితో కలరా, విరేచనాలు వస్తున్నాయని లక్షలాది గొట్టపుబావులు వేశారు. 1990లలో చూస్తే వాటిలో అనేకం పాషాణం చిమ్ముతున్నాయి. అప్పుడు వాళ్ళు చేసిన పని గమనార్హం. పంపులను ఒక్కొక్కటే పరీక్షించి, చెడ్డదానికి ఎర్ర రంగు, మంచిదానికి ఆకుపచ్చ రంగు పూశారు. చదువురాని పిల్లకు కూడా ఏ పంపుకు పోవాలో తెలిసిపోయింది.

ఇక నందిగామ, జగ్గయ్యపేట నల్లరేగడి ఊళ్ళవైపు చూస్తే అక్కడి భయం వేరు. అక్కడ మునేరు, వైరా, పాలేరు ఉన్నాయి. 2024 సెప్టెంబరు మొదట్లో మునేరు ఊళ్ళమీద పడింది, మైలవరం కొండలనుంచి దిగే బుడమేరు విజయవాడను ముంచింది. అంతకు రెండు నెలల ముందే, జూన్‌లో, జగ్గయ్యపేట ప్రాంతంలో అతిసారం ప్రబలింది. వాన తొలకరించగానే మురుగు కాలువ పక్కన పగిలిన పైపులోకి ఏది పోతుందో అందరికీ తెలుసు. ఈ జబ్బు మూడు రోజులలో బయటపడుతుంది కనుక మంత్రులు వస్తారు, శిబిరాలు పెడతారు. ఫ్లోరైడు, కిడ్నీ జబ్బులు పదేళ్ళకు బయటపడతాయి కనుక ఎవరూ రారు. జబ్బు నెమ్మదిగా రావడమే రోగి చేసుకున్న నేరం అన్నట్లుంది వ్యవహారం.

మూత్రపిండాల విషయంలో మాత్రం తొందరపడి ఒక్క నీటిమీదే నేరం మోపడం తగదు. శ్రీకాకుళం ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాలలో, ఈ జబ్బు దశాబ్దాలుగా కాపురముంది. వచ్చిన నిపుణులు లెక్కలేనంతమంది. ఇదీ కారణమని అందరూ ఒప్పుకున్నది ఇంకా లేదు. కారణం తేలేదాకా జనం చావనక్కరలేదు గనుక హిరమండలం జలాశయంనుంచి వంశధార నీరు తెచ్చే పథకాన్ని, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రాన్ని 2023 డిసెంబరు 14న ప్రారంభించారు. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలో వరి రైతులకు, మధ్య అమెరికాలోని నికరాగువా, ఎల్ సాల్వడోర్ చెరకు కూలీలకు ఇదే తీరు జబ్బు. అన్నిచోట్లా కనిపించేది ఒక్కటే: తీవ్రమైన ఎండ, ఆ ఎండలో ఒళ్ళు వంచి చేసే పని, పేదరికం. చెరకు తోటల్లో నీడ, విరామం, నీళ్ళు ఏర్పాటు చేసి చూస్తే కిడ్నీలకు తగిలే దెబ్బ తగ్గినట్లు అక్కడివారు గుర్తించారు. మామిడి తోట యజమానులు, మిరప, పత్తి రైతులు ఆలోచించవలసిన విషయం. పనిచోట కుండెడు మంచినీళ్ళు, గంటకోసారి నీడన పది నిమిషాలు. దీనికి ప్రభుత్వ ఉత్తర్వు అక్కరలేదు.

ఇంకొకటి ఉంది. ఎండలో పనిచేసి వచ్చిన మనిషి ఒళ్ళునొప్పులకు కిరాణా కొట్టులోనే బిళ్ళ కొని మింగుతాడు. ఒంట్లో నీరు ఇంకి ఉన్నప్పుడు డైక్లోఫెనాక్ వంటి నొప్పిబిళ్ళ కిడ్నీకి గొడ్డలిపెట్టు. ఒకనాడు కాదు, ప్రతి సాయంత్రమూ మింగేవారు తండాలలో, పల్లెలలో ఎందరో. బిళ్ళ మానమని చెప్పడం తేలికే గాని, నొప్పితో రేపు పనికి పోలేకపోతే కూలి ఎవరిస్తారు? వైద్య సిబ్బంది ఆ ప్రశ్నను కూడా వినవలసి ఉంది.

కారణం వెదకడంలో ఎంత ఓర్పు కావాలో ఐరోపాలోని బాల్కన్ దేశాల కథ చెబుతుంది. బల్గేరియా, రుమేనియా, అప్పటి యుగోస్లావియాలలో డాన్యూబు ఉపనదుల వెంబడి ఉన్న పల్లెలలో 1950లలో కిడ్నీ జబ్బు బయటపడింది. ఒక ఊళ్ళో ఇంటింటా ఉంటుంది, పక్క ఊళ్ళో ఉండదు. అచ్చం ఇక్కడిలాగే. నీటిని అనుమానించారు, నేలబొగ్గు పొరలను అనుమానించారు. యాభైకి దగ్గరగా ఏళ్ళు గడిచిన మీదట, 2007 ప్రాంతంలో తేలినదేమంటే గోధుమ చేలలో పెరిగే ఒక కలుపుమొక్క గింజలు గోధుమతో కలిసి పిండిలో పడుతున్నాయి. విషం రొట్టెలో ఉంది. ఆ మొక్క కుటుంబానికే చెందినది ఇక్కడి గాడిదగడప, ఈశ్వరవేరు. నాటు మందులలో ఈ ఆకులూ వేళ్ళూ వాడడం పల్లెలలో కొత్త కాదు. ఆ వాడకమే ఇక్కడి జబ్బుకు మూలమని ఎవరూ తేల్చలేదు. అయినా కడుపులోకి పుచ్చుకోవడం మానడం ఉత్తమం.

నీరు, ఎండ, బిళ్ళ, మొక్క. వీటిలో ఏది ఎంతో తేలాలంటే ఊరూరి లెక్క కావాలి. ఉన్నది జిల్లా లెక్క. 2022 ఏప్రిల్ 4 నుంచి ఈ మెట్ట మండలాలు ఎన్.టి.ఆర్. జిల్లాలో ఉన్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారమే పది లక్షలు దాటిన విజయవాడ నగరం అదే జిల్లాలో ఉంది. నది ఒడ్డున నల్లానీరు తాగే నగరాన్నీ, గుట్టపక్క బోరునీరు తాగే తండానూ కలిపి భాగిస్తే వచ్చే సగటులో తండా మాయమవుతుంది. కుంట సగటు లోతు మోకాలు బంటి అని దిగినవాడు మునిగిపోయినట్లే ఇది కూడా. మండలం లెక్క తీసినా చాలదు. ఆవాసం వారీగా, బోరు వారీగా తీస్తేనే కనబడుతుంది.

దీనికి కోట్లు అక్కరలేదు. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల జీవన్ మిషన్ నిబంధనల ప్రకారం ప్రతి గ్రామంలో ఐదుగురు మహిళలకు నీటి పరీక్షలో శిక్షణ ఇవ్వాలి, కిట్టు ఇవ్వాలి. రెడ్డిగూడెం మండలంలో ఏయే గ్రామాలలో ఆ ఐదుగురు ఎవరో, కిట్లు వాడుకలో ఉన్నవో లేక పంచాయతీ బీరువాలో ఉన్నవో సర్పంచులు గ్రామసభలో చెప్పాలి. పరీక్షించిన అంకెను కాగితంపై పైకి పంపి ఊరుకోకుండా ఆ పంపు దిమ్మమీదే పెయింటుతో రాయించాలి. వేసవిలో ఒకసారి, వానలు వెనకబట్టాక ఒకసారి రాయించాలి, ఎందుకంటే నీరు ఏడాది పొడుగునా ఒక్క తీరుగా ఉండదు.

ప్రతి బడిలో ఐదో తరగతి పిల్లల పళ్ళు ఏడాదికొకసారి డాక్టరు చూస్తే చాలు, ఆ ఊరి నీటి చరిత్ర తెలుస్తుంది. ముప్పై దాటిన తోట కూలీలకు వేసవికి ముందు, తరువాత రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించి, ఫలితం ఏ ఇంటివారు ఏ బోరు తాగుతారో దాని పక్కన రాయాలి. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరుగుతూనే ఉన్నారు, వారి రిజిస్టరులో ఒక గడి పెంచితే సరిపోతుంది. జబ్బు ముదరకముందు దొరికిన మనిషికి రక్తపోటు, చక్కెర అదుపులో పెట్టి ఎన్నో ఏళ్ళు డయాలసిస్ లేకుండా గడపవచ్చు. ముదిరాక దొరికినవారికి ఆ అవకాశం లేదు. దెబ్బతిన్న కిడ్నీ ఫ్లోరైడును సరిగా బయటకు పంపలేదు కాబట్టి అటువంటివారి ఇళ్ళకు మంచి నీరు ముందు అందాలి.

కొనుక్కునే డబ్బా నీళ్ళు ఉన్నాయిగదా అని అనేవారున్నారు. సక్రమంగా నడిచే ఆర్.ఓ. ప్లాంటు ఫ్లోరైడును తీస్తుంది, నిజమే. ఆ ఫిల్టరు మార్చి ఎన్నాళ్ళయిందో అడిగినవారు అరుదు. పైగా డబ్బా నీళ్ళు తాగడానికే. వంట బోరు నీటితోనే సాగుతుంది. అన్నంలో, పప్పులో, చారులో అదే ఫ్లోరైడు. 2002లో జాతీయ పోషకాహార సంస్థవారు బాలురపై చేసిన పరిశీలనలో చింతపండు తిన్నప్పుడు మూత్రం ద్వారా ఫ్లోరైడు ఎక్కువగా బయటకు పోయినట్లు తేలింది. చారు తాగేవారికి ఇది కొంత ఊరటే. కానీ చారును నమ్ముకొని చెడ్డ బోరు తాగమని ఎవరూ చెప్పరు.

పైపుల్లో నదినీరు వచ్చేదాకా వంటకూ తాగుడుకూ ఊళ్ళో ఉన్నవాటిలో మంచి బోరు ఏదో, దానినుంచి నీరు ఎవరెవరికి అందాలో తేల్చుకోవడం పంచాయతీ చేతిలో పని. మంచి బోరు పెద్ద వీధిలోనూ, చెడ్డ బోరు చివరి వాడలోనూ ఉన్న ఊళ్ళలో ఈ పని అంత సులువు కాదు. మామిడి కోతలు మొదలయ్యేలోగా అన్ని పంపుల దిమ్మలమీదా అంకెలు కనిపిస్తే ఆ తగువు కనీసం వెలుగులో జరుగుతుంది.